పాఠకుల ప్రశ్నలు: పుస్తకం మూశాక కూడా వదలని యువ నవలలు

ఈ నెల వచ్చిన ఉత్తరాల్లో ఎక్కువ భాగం ఒకే విషయం గురించి అడిగాయి. సుమారు 12 నుంచి 18 ఏళ్ల వయసున్న పాఠకుల కోసం రాసే నవలల్లో, అంటే ప్రచురణ రంగం యంగ్ అడల్ట్ అని పిలిచే విభాగంలో, ఏవి మనసులో ఏళ్ల తరబడి నిలుస్తాయి, అలా నిలవడానికి కారణమేమిటి అన్నదే ఆ విషయం. వాటిలో కొన్ని ప్రశ్నలకు ఇక్కడ జవాబులిస్తున్నాను. కొన్ని నవలల ముగింపులను ప్రస్తావించక తప్పలేదు. కథ ముందే తెలిసిపోవడం ఇష్టం లేనివారు ఆయా జవాబులను పుస్తకం చదివిన తరువాతే చూడవలసిందిగా మనవి.

ప్రశ్న: పదిహేనేళ్ల వయసులో చదివిన నవలల కథలు దాదాపు మరిచిపోయాను గానీ, ఒక్కో పుస్తకంలోని ఒక్క సన్నివేశం మాత్రం నిన్న చదివినంత స్పష్టంగా గుర్తుంది. పెద్దయ్యాక చదివిన మంచి పుస్తకాలు కూడా అలా గుర్తుండటం లేదు. ఎందుకంటారు?

జవాబు: వయసు ఒక కారణమే. స్నేహితుల మరణం, నమ్మినవారి ద్రోహం, పెద్దల అబద్ధం వంటివి మనకు మొదటిసారి ఎదురయ్యేది ఆ వయసులోనే కాబట్టి, వాటిని చూపించిన పుస్తకం కూడా వాటితో పాటే మనసులో ఉండిపోతుంది. కానీ అదే అసలు కారణమైతే ఆ రోజుల్లో చదివిన ప్రతి పుస్తకమూ గుర్తుండాలి, అలా ఉండదు కదా. నా ఉద్దేశంలో, నిలిచిపోయే నవల పాఠకుడి ముందు ఒక ప్రశ్న ఉంచి, దానికి తీర్పు చెప్పకుండా తప్పుకుంటుంది. ఆ తీర్పు మనమే చెప్పుకోవలసి రావడం వల్ల ఆ సన్నివేశానికి మళ్లీ మళ్లీ వెళుతుంటాం.

క్యాథరిన్ ప్యాటర్సన్ 1977లో రాసిన 'బ్రిడ్జ్ టు టెరబిథియా' చూడండి. ఇది కాస్త చిన్న వయసు పిల్లల కోసం రాసినదే అయినా పెద్ద పిల్లలనూ వదలదు. జెస్ అనే అబ్బాయిని అతనికి ఎంతో ఇష్టమైన సంగీతం టీచర్ ఒక ఉదయం వాషింగ్టన్‌లోని చిత్రశాలకు తీసుకువెళుతుంది. తన ప్రాణ స్నేహితురాలు లెస్లీని కూడా రమ్మని ఉండవచ్చునని అతనికి తట్టేసరికి కారు బయలుదేరిపోయింది. తట్టిన తరువాత కూడా, ఆమె లేకుండా టీచర్‌తో తానొక్కడే ఉన్నందుకు లోలోపల సంతోషమే కలుగుతుంది. ఆ రోజే, పొంగుతున్న వాగును తాడు పట్టుకుని ఊగుతూ దాటబోయిన లెస్లీ, ఆ తాడు తెగి చనిపోతుంది. మరణ వార్త చెప్పే పేజీ కంటే కారులోని ఆ చిన్న రహస్య సంతోషమే చదివినవారిని ఎక్కువ కాలం వెంటాడుతుంది, ఎందుకంటే అందులో జెస్ తప్పు ఏమీ లేదని మనకు తెలుసు, లేదని అతనికి చెప్పగలిగే మాట మాత్రం మన దగ్గర లేదు. రచయిత్రి కొడుకు స్నేహితురాలైన ఒక చిన్న పాప పిడుగుపాటుకు చనిపోయిన తరువాత, ఆ పసివాడి దుఃఖానికి తాను ఏ అర్థమూ చెప్పలేని స్థితిలో రాసిన పుస్తకమిది. ఆ నిస్సహాయతను దాచిపెట్టకపోవడమే ఈ పుస్తకానికి బలం.

ప్రశ్న: 'ది గివర్' చివర జోనస్ బతికినట్టా, చనిపోయినట్టా? ఇంట్లో మా అన్నకూ నాకూ ఈ వాదన తెగడం లేదు.

జవాబు: వాదన తెగకుండా ఉండేటట్టే లోయిస్ లోరీ ఆ ముగింపు రాశారు. 1993లో వచ్చి, మరుసటి ఏడాది అమెరికాలో పిల్లల పుస్తకాలకిచ్చే న్యూబరీ పతకం అందుకున్న ఈ నవలలో రంగులు, కొండలు, బాధ, ఎంపిక అనేవి లేని ఒక సమాజం ఉంటుంది. గతానికి సంబంధించిన జ్ఞాపకాలన్నీ ఒక్క వృద్ధుడు మోస్తుంటాడు, వాటిని అందుకోవడానికి పన్నెండేళ్ల జోనస్‌ను ఎంచుకుంటారు. చివర్లో ఆ పిల్లవాడు, చంపేయడానికి సిద్ధం చేసిన పసికందు గాబ్రియేల్‌ను ఎత్తుకుని పారిపోయి, ఆకలితో, చలితో సోలిపోతూ మంచు కొండ మీద నుంచి స్లెడ్జి బండి మీద కిందికి జారుతాడు. కింద రంగు దీపాలు కనిపిస్తాయి, సంగీతం వినిపిస్తుంది. అయితే ఆ స్లెడ్జి, ఆ కొండ అతనికి వృద్ధుడి నుంచి అందిన మొట్టమొదటి జ్ఞాపకంలోనివే. కాబట్టి అతను నిజంగా ఒక ఊరు చేరాడా, లేక గడ్డకట్టుకుపోతూ ఆ తొలి జ్ఞాపకంలోకి జారుకున్నాడా అన్నది తేలదు.

తరువాత 2004లో వచ్చిన 'మెసెంజర్', 2012లో వచ్చిన 'సన్' నవలలు చదివితే జోనస్ బతికే ఉన్నాడని తెలుస్తుంది. ఆ లెక్కన మీలో ఒకరు గెలిచినట్టే. అయినా మొదటి పుస్తకాన్ని దాని వరకే చదివి, ఆ సందేహాన్ని అలాగే కొంతకాలం మోయమని నా సలహా.

మీ ఉత్తరంలో లేదు గానీ, ఆ నవలలో నన్ను అన్నిటికంటే కలచివేసేది ముగింపు కాదు. పసిపిల్లలను పెంచే ఉద్యోగం చేసే జోనస్ తండ్రి, కవలల్లో బరువు తక్కువ ఉన్న పాపడి నుదుటి నరానికి సూది వేసి, శరీరాన్ని అట్టపెట్టెలో పెట్టి గోడలోని గొట్టంలోకి జారవిడుస్తూ ముద్దుగా వీడ్కోలు చెబుతాడు. ఆ దృశ్యం రికార్డులో చూస్తున్న కొడుకుకు అంతవరకు తెలిసిన ప్రేమగల తండ్రీ, ఇప్పుడు చూస్తున్న మనిషీ ఒక్కరే. గొంతు మారదు, చేతుల్లో కాఠిన్యం ఉండదు. క్రూరుడిని ద్వేషించడం పాఠకుడికి సులువే, కానీ తాను చేస్తున్నది ఏమిటో తెలియని మంచివాడిని ఏం చేయాలో తెలియదు.

ప్రశ్న: మా అమ్మాయికి పద్నాలుగేళ్లు. పాఠ్యపుస్తకాలు తప్ప మరేదీ ముట్టుకోదు. మొదట ఏ నవల ఇవ్వమంటారు?

జవాబు: ఎస్. ఇ. హింటన్ రాసిన 'ది అవుట్‌సైడర్స్' ఇవ్వండి. రాయడం మొదలుపెట్టేనాటికి ఆమె స్కూలు విద్యార్థిని, 1967లో పుస్తకం అచ్చయ్యేనాటికి వయసు 18. మగపిల్లల ముఠాల గురించి ఒక అమ్మాయి రాసిందంటే విమర్శకులు ముందే చిన్నచూపు చూస్తారన్న ఆలోచనతో ప్రచురణకర్తలు ఆమె పేరును పొడి అక్షరాలకు కుదించారు. మీ అమ్మాయికి ఈ సంగతి ముందుగా చెప్పండి. తనకంటే నాలుగేళ్లు పెద్దదైన అమ్మాయి పుస్తకం రాసి అచ్చు వేయించుకుందన్న విషయం, మనం చెప్పే ఏ సిఫారసు కంటే బలంగా పనిచేస్తుంది.

కథ చెప్పేది పద్నాలుగేళ్ల పోనీబాయ్. తల్లిదండ్రులు లేని ముగ్గురు అన్నదమ్ముల్లో చిన్నవాడు, పేద పేటల కుర్రాళ్ల గుంపులో ఒకడు. అతనికి సంపన్నుల గుంపులోని చెర్రీ అనే అమ్మాయితో మాట కలుస్తుంది. ఇద్దరికీ సూర్యాస్తమయం చూడటం ఇష్టమని తెలుస్తుంది. ఆమె తన ఇంటి నుంచి, అతను తన ఇంటి వెనక మెట్ల మీద నుంచి చూసేది ఒకే సూర్యుడినని అతను గ్రహించే చోట, పుస్తకాలంటే ఆసక్తి లేని పిల్లలు కూడా ఒక్క క్షణం ఆగుతారు. భాష తేలిక, అధ్యాయాలు చిన్నవి, మొదటి పేజీల్లోనే సంఘటన మొదలవుతుంది. పూర్తి చేశాక ఏం నేర్చుకున్నావని మాత్రం అడగకండి. ఆ ఒక్క ప్రశ్నతో నవల మళ్లీ పాఠ్యపుస్తకమైపోతుంది.

ప్రశ్న: మా అబ్బాయి ఈ మధ్య చదివే నవలలన్నీ విషాదాంతాలే. చదివిన రెండు రోజుల వరకు ముభావంగా ఉంటున్నాడు. ఇలాంటివి చదవనివ్వడం మంచిదేనా?

జవాబు: రెండు రోజుల మౌనం గురించి అంత భయపడనక్కరలేదు. ఒక కథ లోపలికి వెళ్లిందనడానికి అదొక గుర్తు. నిద్ర, తిండి, చదువు, స్నేహాలు వారాల తరబడి దెబ్బతింటే మాత్రం కారణం పుస్తకం కాకపోవచ్చు. అప్పుడు అబ్బాయితో నేరుగా మాట్లాడాలి, అవసరమైతే వైద్యుల సలహా తీసుకోవాలి.

విషాదాంతం మీద పెద్దలకున్న అభ్యంతరం కొత్తది కాదు. రాబర్ట్ కార్మియర్ 'ది చాక్లెట్ వార్' రాసినప్పుడు, ముగింపు మారిస్తే తప్ప వేయలేమని కొందరు ప్రచురణకర్తలు అన్నారు. ఆయన మార్చలేదు, 1974లో అది ఉన్నది ఉన్నట్టుగానే వచ్చింది. పాఠశాలకు నిధుల కోసం చాక్లెట్లు అమ్మనని జెర్రీ అనే విద్యార్థి మొండికేస్తాడు. మొదట ఒక రహస్య ముఠా ఆదేశం మీద పది రోజులు కాదంటాడు, గడువు తీరాక ఎవరూ చెప్పకుండానే కాదంటూ ఉంటాడు. ఆ జెర్రీ చివరకు అందరి ముందు దెబ్బలు తిని పడిపోయి, పళ్లూ దవడా చితికిన నోటితో, ఎదిరించవద్దని, వాళ్లు చెప్పినట్టు చేయమని స్నేహితుడికి చెప్పాలని తాపత్రయపడతాడు. ఇంత చేదుగా ముగిసే నవల యువకులకు నిరాశ నేర్పుతుందని వాదించేవారున్నారు. నేను ఒప్పుకోను. ఆ మాటను మనం అంగీకరించం కాబట్టే అది గుచ్చుకుంటుంది. జెర్రీ ఓడిపోయాడని రచయిత చెప్పారు, అతను చేసింది తప్పని ఎక్కడా చెప్పలేదు. ఆ తేడాను పట్టుకోగల తెలివి పదిహేనేళ్ల పాఠకుడికి ఉందని నమ్మి రాసిన పుస్తకమది, ఆ నమ్మకాన్ని పిల్లలు గుర్తుపడతారు.

దుఃఖం గురించే అయితే, నేను ఎక్కువ మందికి చెప్పేది 'ఎ మాన్‌స్టర్ కాల్స్'. బ్రిటిష్ రచయిత్రి షివాన్ డౌడ్ ఈ కథను ఊహించి, రాయకముందే 2007లో రొమ్ము క్యాన్సర్‌తో మరణించారు. ఆ ఊహను తీసుకుని ప్యాట్రిక్ నెస్ రాసిన నవల, జిమ్ కే చిత్రాలతో 2011లో వచ్చింది. మరుసటి ఏడాది బ్రిటన్‌లో పిల్లల పుస్తకాలకిచ్చే రెండు పురస్కారాలు, రచనకు కార్నెగీ పతకం, చిత్రాలకు కేట్ గ్రీన్‌వే పతకం, ఈ పుస్తకానికే దక్కాయి. పదమూడేళ్ల కానర్ తల్లి క్యాన్సర్‌తో కృశిస్తుంటుంది. రాత్రి 12:07కు ఇంటి వెనకున్న పెద్ద చెట్టు రాక్షసుడిగా మారి అతని దగ్గరికి వస్తుంది, మూడు కథలు చెప్పి నాలుగోది నువ్వు చెప్పాలంటుంది. కానర్ దాచిన నిజం ఇది: తల్లి బతకాలని కోరుకుంటూనే, ఈ వేదన ఇక అయిపోతే చాలునని కూడా అతను కోరుకున్నాడు. జబ్బు మనిషి మంచం పక్కన కూర్చున్న ప్రతివారికీ ఒక్క క్షణమైనా తట్టే ఆలోచన అది, బయటకు చెప్పుకోలేనిది. ఆ మాటను ఒక పిల్లవాడి నోట పలికించి, అతన్ని దోషిగా నిలబెట్టకుండా వదిలిన పుస్తకం ఎవరికైనా హాని చేస్తుందని నేననుకోను. ఇంట్లో ఎవరైనా తీవ్రంగా జబ్బుపడి ఉంటే మాత్రం దీన్ని పిల్లల చేతికిచ్చి పక్క గదిలోకి వెళ్లిపోకండి, దగ్గర ఉండండి.

ప్రశ్న: 'స్పీక్' నవలలో లైంగిక దాడి ప్రస్తావన ఉందని విని మా అమ్మాయికి ఇవ్వడానికి వెనకాడుతున్నాను. తన వయసు పదిహేను.

జవాబు: ముందు మీరు చదవండి, చదివాక ఇస్తారనే నా నమ్మకం. లారీ హాల్స్ ఆండర్సన్ 1999లో రాసిన ఈ నవలలో మెలిండా అనే అమ్మాయి, వేసవి పార్టీలో తన మీద దాడి జరిగాక పోలీసులకు ఫోన్ చేస్తుంది. ఎందుకు చేసిందో ఎవరికీ తెలియదు. పార్టీ చెడగొట్టిందని మాత్రం అందరూ ఆమెను వెలివేస్తారు. హైస్కూలు మొదటి సంవత్సరమంతా ఆమె మాట క్రమంగా తగ్గిపోతుంది. పుస్తకం ఆ దాడిని రసవత్తరంగా వర్ణించదు, ఆ తరువాతి మౌనాన్ని వర్ణిస్తుంది.

చిత్రకళ మాస్టారు ఏడాది పొడవునా వేయడానికి ఆమెకు చెట్టు అనే ఒక్క అంశం ఇస్తారు. మొదట వేసినవన్నీ ప్రాణం లేని చెట్లు. ఏ ఉపన్యాసమూ లేకుండా, ఆ చెట్టు మారుతున్న కొద్దీ ఆమె మారుతున్నదని మనకు తెలుస్తుంది. చెప్పుకోలేని విషయం ఉన్న పిల్లలకు ఈ పుస్తకం ధైర్యమిస్తుంది. అటువంటిదేమీ లేని పిల్లలకు, తరగతిలో మాట్లాడని అమ్మాయిని ఇంకోలా చూడటం తెలుస్తుంది. మీరు కూడా చదివారని మీ అమ్మాయికి తెలియడం ముఖ్యం. ఎప్పుడైనా మాట్లాడాలనిపిస్తే మొదటి వాక్యం వెతుక్కోవలసిన పని తనకు ఉండదు.

ప్రశ్న: 'ది బుక్ థీఫ్'లో రూడీ చనిపోతాడని రచయిత ముందే చెప్పేశారు. అయినా చివర ఏడ్చాను. ముందే తెలిసిన విషయానికి ఇంత బాధ ఎందుకు?

జవాబు: తెలియడం వల్లనే. మార్కస్ జుసాక్ 2005లో వెలువరించిన ఈ నవలను చెప్పేది సాక్షాత్తు మృత్యువు. నాజీల కాలపు జర్మనీలో దత్తత ఇంట పెరిగే లీసెల్ కథను చెబుతూ, పుస్తకం సగంలోనే మృత్యువు ఆమె స్నేహితుడు రూడీ చనిపోతాడన్న కబురు మన చెవిన వేసి, ఆ తరువాత మళ్లీ పిల్లల ఆటలు, దొంగతనాలు, పోట్లాటలు చెప్పుకుంటూ పోతుంది. అక్కడి నుంచి రూడీ లీసెల్‌ను ముద్దు అడిగిన ప్రతిసారీ, ఆమె నవ్వుతూ కాదన్న ప్రతిసారీ, ఎంత సమయం మిగిలిందో తెలిసినది మనకే, వాళ్లకు కాదు. ఉత్కంఠ స్థానంలో రచయిత ఈ భారాన్ని పెట్టారు. ఆస్ట్రేలియాలో ఇదే పుస్తకాన్ని పెద్దల నవలగా, అమెరికాలో యువ పాఠకుల నవలగా ప్రచురించారు. అక్కడా ఇక్కడా ఏడ్చినవారు ఏడ్చారు.

ప్రశ్న: నాకు నలభై దాటాయి. ఇంకా ఇలాంటి నవలలే ఇష్టంగా చదువుతున్నాను. ఇది పరిణతి లేకపోవడమా?

జవాబు: కాదు. పై జవాబు చివరి రెండు వాక్యాలు మీకూ వర్తిస్తాయి.

ప్రశ్న: మాంత్రికులు, డ్రాగన్లు ఉన్న నవలలు కాలక్షేపానికే తప్ప మనసులో నిలవవని మా స్నేహితుల వాదన. మీరేమంటారు?

జవాబు: అలా నిలవనివి చాలా ఉన్న మాట నిజమే. వాటితో కలిపి ఉర్సులా లె గ్విన్ 'ఎ విజర్డ్ ఆఫ్ ఎర్త్‌సీ'ని కూడా పక్కన పెడితే నష్టపోయేది మీ స్నేహితులే. పెద్ద పిల్లల కోసం ఒక పుస్తకం రాయమని ప్రచురణకర్త అడిగితే ఆమె రాసి 1968లో ఇచ్చిన నవల అది. గెడ్ అనే ప్రతిభావంతుడైన కుర్రవాడు, తోటి విద్యార్థి ముందు గొప్ప చూపించుకోవాలనే పంతంతో చచ్చినవారి ఆత్మను పిలిచి, దానితో పాటు ఒక నీడను లోకంలోకి వదులుతాడు. అది అతని ముఖాన్ని చీల్చి పోతుంది, ఆ తరువాత వెంటాడుతుంది. పారిపోయినంత కాలం దాని బలం పెరుగుతుంటుంది. వెనక్కి తిరిగి నువ్వే దాన్ని వేటాడమని గురువు చెబుతాడు.

ఆ నవల జరిగే ఎర్త్‌సీ అనే ఊహాలోకంలో దేని అసలు పేరు తెలిస్తే దాని మీద అధికారం వస్తుంది. ఆ నీడకు పేరే లేదని పెద్ద పెద్ద పండితులు అంటారు. చివరికి లోకం అంచున, సముద్రం ఇసుకగా మారిన చోట, గెడ్ దాన్ని పేరు పెట్టి పిలుస్తాడు. ఆ పేరు తనదే. యుద్ధం లేదు, శత్రువు చావడు. తన తప్పును తనదని ఒప్పుకున్న మనిషి అక్కడ నిలబడి ఉంటాడంతే. కత్తియుద్ధంతో ముగిసే నవలలు ఎన్ని చదివినా ఈ ముగింపు వాటి కింద కప్పబడిపోదు. మరొక సంగతి కూడా మీ స్నేహితులకు చెప్పండి: ఇటువంటి కథల్లో వీరులందరూ తెల్లవారుగానే ఉండే ఆ రోజుల్లో, లె గ్విన్ తన కథానాయకుడిని ఎరుపు కలిసిన గోధుమ రంగువాడిగా కావాలనే రాశారు.

ప్రశ్న: పదహారేళ్లు నిండుతున్న మా తమ్ముడికి ఒకే ఒక్క నవల ఇవ్వాలనుకుంటున్నాను. ఏది ఇవ్వమంటారు?

జవాబు: వాల్టర్ డీన్ మయర్స్ 1999లో రాసిన 'మాన్‌స్టర్'. యంగ్ అడల్ట్ రచనలకిచ్చే ప్రింట్జ్ పురస్కారం 2000లో మొదలైనప్పుడు దాన్ని మొట్టమొదట అందుకున్న పుస్తకం ఇదే. న్యూయార్క్‌లోని హార్లెమ్‌కు చెందిన పదహారేళ్ల స్టీవ్ హార్మన్ ఒక మందుల దుకాణం యజమాని హత్య కేసులో విచారణ ఎదుర్కొంటుంటాడు. దుకాణంలోకి ముందుగా వెళ్లి పరిస్థితి చూసి వచ్చాడన్నది అతని మీద అభియోగం. సినిమాలు తీయాలని కలలు కనే ఆ అబ్బాయి, జైలులో ఉంటూ తన విచారణనే ఒక సినిమా స్క్రిప్టుగా రాసుకుంటాడు, మధ్య మధ్య డైరీ పేజీలుంటాయి. కెమెరా ఎక్కడ పెట్టాలో నిర్ణయించేది అతనే కాబట్టి, చూపించనిది ఏమైనా ఉందా అన్న అనుమానం పాఠకుడికి మొదటి నుంచీ ఉంటుంది.

జ్యూరీ అతన్ని నిర్దోషి అంటుంది. సంతోషంతో చేతులు చాచి తన న్యాయవాదిని కౌగిలించుకోబోతాడు. ఆమె బిగుసుకుపోయి, పక్కకు తిరిగి కాగితాలు సర్దుకుంటుంది. తనలో ఆమెకు ఏం కనిపించిందన్న ప్రశ్నతోనే నవల ఆగిపోతుంది. కోర్టు తీర్పు వచ్చాక కూడా మన తీర్పు మిగిలి ఉంటుంది, దాన్ని చెప్పడానికి మనం ఎవరి మాటను, ఎవరి ముఖాన్ని నమ్ముతున్నామో కూడా చూసుకోవలసి వస్తుంది.

మీ తమ్ముడికి ఇచ్చే ముందు మీరు చదివేయండి, కానీ మీ అభిప్రాయం చెప్పకండి. అతను పూర్తి చేశాక స్టీవ్ ఆ దుకాణంలోకి ఎందుకు వెళ్లాడో అడగండి. అతను చెప్పేదీ మీరు అనుకున్నదీ ఒకటి కాకపోతే, న్యాయవాది ముఖం తిప్పుకున్న పేజీని ఇద్దరూ కలిసి మరోసారి చదవండి.